కండక్టరమ్మ పథ్యం

కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లలు నన్ను ఏ పెళ్లిలోనో చూస్తే పక్కకు లాగి ఒకటే అడుగుతారు. లావు తగ్గాలంటే ఆపరేషన్ మంచిదా, నోరు కట్టుకుని నడవడం మంచిదా అని. వాళ్లకు జవాబు ఒక్క ముక్కలో కావాలి. నేనేమో కూర్చోమంటాను, ఒక కండక్టరమ్మ సంగతి చెప్తానంటాను. సగం మందికి అప్పుడే ఫోను మోగుతుంది. మిగిలిన సగం కోసం ఇది రాస్తున్నాను.

నా నర్సు ఉద్యోగం జనగామ సర్కారు దవాఖానలో మొదలైంది, మహబూబాబాద్‌లో కొంతకాలం నడిచింది, భూపాలపల్లిలో ముగిసింది. ఇప్పుడవి మూడు జిల్లాలు. నేను చెప్పే రోజుల్లో మూడూ ఒక్క జిల్లాలోనే ఉండేవి. ఆ రోజులంటే ఉద్యమం రోజులు. పొద్దున లేస్తే ర్యాలీ, మధ్యాహ్నం ధర్నా, సాయంత్రం పాటలు. దవాఖానలో కూడా మేం నల్ల బ్యాడ్జీలు పెట్టుకునే సూదులు వేసేవాళ్లం.

మా దగ్గర ఇద్దరు డాక్టర్లుండేవారు. పెద్ద డాక్టరు షుగరు, బీపీ చూసే ఆయన. ఇక్కడివాడే. పొలం గట్ల మీద పెరిగిన మనిషి, ఏ రోగానికైనా ముందు తిండి గురించి అడిగేవాడు. చిన్న డాక్టరు ఆపరేషన్లు చేసే ఆయన. గోదావరి పక్క నుంచి వచ్చినవాడు. 'అండీ' లేకుండా మాట ముగించేవాడు కాదు. బయట ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు లేచి ఉన్న కాలంలో ఈ ఇద్దరూ ఒకే గదిలో ఎలా ఇముడుతున్నారని అందరూ నన్ను అడిగేవాళ్లు. వాళ్లు రోజూ పోట్లాడుకునేవాళ్లు, నిజమే. కానీ రాష్ట్రం గురించి కాదు, బొజ్జల గురించి.

హైదరాబాదులో అప్పటికే పొట్ట సంచిలో చాలా భాగం కోసి తీసేసి, సన్నటి గొట్టంలాంటి ముక్క మిగిల్చే ఆపరేషన్ చేస్తున్నారు. చిన్న డాక్టరు స్నేహితులే అది చేసేవాళ్లు. బాగా లావుండి, షుగరు మందులకు లొంగనివాళ్లకు అదే దారి అని ఆయన వాదన. దేవుడిచ్చిన కడుపును కోయడమేమిటి, జొన్నరొట్టె తిని పొద్దున్నే నడిస్తే తగ్గని ఒళ్లుంటుందా అని పెద్దాయన వాదన. మధ్యలో నేను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరికీ తలూపి నా పని నేను చేసుకునేదాన్ని.

ఆ గదిలోకి ఒక మంగళవారం షుగరు క్లినిక్‌కు కొడకండ్ల రూటు బస్సు మొత్తం వచ్చినట్టు కండక్టరూ డ్రైవరూ కలిసి వచ్చారు.

కండక్టరమ్మకు అప్పటికి నలభై దాటి ఉండవు. మొగుడు పోతే ఆయన ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. మనిషి భారీ. మోకాళ్లు అరిగిపోయాయి. ఇన్సులిన్ పూటపూటకూ పెరుగుతోంది. కానీ ఆమె ఏడుపు వాటి గురించి కాదు. పల్లెవెలుగు బస్సు పొద్దున పూట ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. సీట్ల మధ్య సందులో మనుషులు, సంచులు, ఒక్కోసారి కోళ్లు. ఆమె ముందు తలుపు దగ్గర నిలబడితే వెనక్కి పోయే దారి ఉండదు. ప్రయాణికులే పైసలు చేతులు మార్చి ముందుకు అందించేవాళ్లు, టికెట్లు అలాగే వెనక్కి పోయేవి. వెనక ఎవరెక్కారో ఎవరు దిగారో ఆమెకు కనపడదు. చెకింగ్ వాళ్లు ఎక్కిన ప్రతిసారీ చివరి సీట్లలో ఎవడో ఒకడు టికెట్ లేకుండా దొరికేవాడు. వాడు నవ్వుతూ దిగిపోయేవాడు, మెమో ఆమెకు వచ్చేది. ఇంకోసారి అట్లా అయితే మెడికల్ బోర్డుకు పంపుతామని డిపోలో చెప్పేశారు. బోర్డుకు పోయినవాళ్లు మళ్లీ బస్సెక్కడం ఎవరూ చూడలేదు. ఇంట్లో చదువుకునే కూతురు, ముసలి అత్త. ఆ ఉద్యోగం పోతే ఆ ముగ్గురికీ దిక్కు లేదు.

డ్రైవరు వేరే రకం. పొట్ట స్టీరింగుకు తగులుతున్నా అది స్టీరింగు తప్పన్నట్టు మాట్లాడేవాడు. బస్సాగిన ప్రతి ఊళ్లో మిర్చిబజ్జీల బండివాడు అతనికి చుట్టమే. అతనికీ షుగరు మొదలైంది.

పెద్ద డాక్టరు చెప్పినట్టు కండక్టరమ్మ అంతకు ముందే రెండేళ్లు నోరు కట్టుకుంది. తగ్గింది, మళ్లీ పెరిగింది. ఇంకోసారి తగ్గింది, ఇంకాస్త ఎక్కువే పెరిగింది. అందుకని చిన్న డాక్టరు మాట వినడానికి ఆమె సిద్ధపడింది. డ్రైవరు మాత్రం కత్తి మాటెత్తగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

"నువ్వు కోయించుకో చెల్లె, నేను నడుస్త. ఎవలు గెలుస్తరో చూద్దాం" అన్నాడు.

పెద్ద డాక్టరు ముఖం వెలిగిపోయింది. అట్లా మా దవాఖానలో ఒకరు కత్తి పక్షం, ఒకరు కాలినడక పక్షం అయ్యారు. ఖర్చు, కాయితాలు వాళ్ల యూనియన్ వాళ్లూ చిన్న డాక్టరూ కలిసి చూసుకున్నారు. ఆపరేషన్ హైదరాబాదులో చక్కగా జరిగింది. ఆమె కొడకండ్ల దగ్గర తన ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు మేం ముగ్గురం కూర్చోబెట్టి చెప్పాం. కొంచెం కొంచెంగా తినాలి, ముందు పప్పు, గుడ్డు, పెరుగు, ఆ తర్వాతే అన్నం. రోజూ విటమిన్ గోళీలు, అవి బతికినంత కాలం. ఆమె బుద్ధిగా తలూపింది.

ఆ ఇంట్లో గంటె ఎవరి చేతిలో ఉందో మాత్రం మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు.

గంటె అత్తమ్మ చేతిలో ఉంది. ఆ అవ్వ చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న మంత్రసాని. దవాఖానలు దూరమున్న కాలంలో ఎన్ని పురుళ్లు పోసిందో ఆమెకే తెలియదు. బాలింతలకు పథ్యం పెట్టడంలో ఆమె మాటకు తిరుగు లేదు. కోత పడిన ఒంటికి పప్పు పెడితే చీము పడుతుంది. గుడ్డు పెడితే కుట్లు మానవు. పెరుగు శీతలం. గోళీలు వేడి. ఇక మిగిలిందేమిటి? మెత్తటి అన్నం, ఎల్లిపాయ కారం, గంజి. మీరు నవ్వకండి. మా అమ్మ కూడా నా కాన్పప్పుడు ఇదే పెట్టింది, నేను నర్సునై ఉండి కూడా నోరు మూసుకుని తిన్నాను. కొడుకు పోయాక కోడల్ని పుట్టింటికి పంపకుండా, "గిది నీ ఇల్లే" అని నిలబడిన మనిషి ఆ అవ్వ. అటువంటి చెయ్యి ముద్ద కలిపి నోటికి అందిస్తే వద్దనడం ఎవరి తరం?

అంతలో సమ్మె వచ్చింది. సర్కారు ఉద్యోగులందరూ పని బందు పెట్టారు. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బస్సులు ఆపినవాళ్లలో కండక్టరమ్మా ఉంది, ఆ బస్సు లేకనే మా దగ్గరికి చూపించుకోవడానికి రాలేకపోయిందీ ఆమే. ఫోను చేస్తే మంచిగనే ఉన్నానంటుంది. పప్పు తింటున్నావా అని చిన్న డాక్టరు అడిగితే తింటున్న సార్ అంటుంది. పక్కనే అత్తమ్మ ఉండగా ఇంకేమంటుంది? రోజూ వాంతులవుతున్నాయని కూడా చెప్పలేదు. వాంతయితే అత్తమ్మ ఇంకొంచెం పథ్యం బిగించేది.

ఇక్కడ జనగామలో డ్రైవరు దశ తిరిగింది. బండి లేదు, బజ్జీలు లేవు. పొద్దున ర్యాలీ, సాయంత్రం ర్యాలీ, అన్నింటికీ ముందు వరసలో జెండా అతనిదే. రిలే నిరాహార దీక్షల టెంటులో ఎవరైనా రాకపోతే ఆ చోట్లో కూడా అతనే కూర్చునేవాడు. ఉద్యమం అతన్ని ఏ డాక్టరూ నడిపించనంత నడిపించింది, ఏ డాక్టరూ మాడ్చనంత మాడ్చింది. చూస్తుండగానే చెంపలు లోపలికి పోయాయి. ప్యాంటు జారకుండా నడుముకు తాడు కట్టుకుని తిరిగేవాడు. పెద్ద డాక్టరు అతన్ని కొత్త పెళ్లికొడుకును చూపించినట్టు అందరికీ చూపించేవాడు. చిన్న డాక్టరు నవ్వి ఊరుకునేవాడు.

ఇంక ఆ రోజు సంగతి చెప్తాను. ఆ రోజు జనగామలో పెద్ద రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రోడ్డు బందు చేసి, రోడ్డు మీదనే వండుకుని రోడ్డు మీదనే తినడం. మూడేసి ఇటుకల పొయ్యిలు, కనుచూపు మేర పొగ. పంతుళ్ల పొయ్యి ఒకటి, వకీళ్లది ఒకటి, కరెంటోళ్లది ఒకటి. కొందరు ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు, కొందరు ఉల్లిగడ్డలు తరుగుతూ కన్నీళ్లతోనే నినాదాలు ఇస్తున్నారు. ఎండకు ఎవరైనా పడిపోతే చూడటానికి మేం ఒక టెంటు వేసుకుని సెలైన్లు, గ్లూకోజు సీసాలు పెట్టుకుని కూర్చున్నాం. డాక్టర్లిద్దరూ అక్కడే ఉన్నారు. నాకు ఆ రోజు పండగలాగే ఉండింది, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం కొడకండ్ల పక్క నుంచి వంటా వార్పుకు వచ్చే జనంతో ఒక ట్రాక్టరు వచ్చింది. అందులోంచి అవ్వ దిగింది, చేతిలో చిన్న గిన్నె. ఆ వెనక ఎవరో ఆడమనిషి. దగ్గరికి వచ్చేదాకా నేను పోల్చుకోలేదు. జుట్టు పలచబడి నెత్తి కనపడుతోంది. ముఖం పీక్కుపోయింది, పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. కాళ్లు ఎడంగా వేసుకుంటూ, ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు తూలుతూ నడుస్తోంది. బస్సు వాళ్ల పొయ్యి దగ్గర ఎవరో, కండక్టరమ్మ గూడ ఇయ్యాల కల్లు తాగినట్టుంది అని నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆమె పొయ్యి పక్కన కూలిపోయింది.

డ్రైవరే ఎత్తుకొచ్చాడు. ఆమెను ఎత్తగలిగానన్నదే అతన్ని భయపెట్టింది, ముఖం నల్లబడిపోయింది. టెంటు చుట్టూ జనం మూగారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. ఆపరేషన్ చేయించిన ఆంధ్ర డాక్టరేడి అని వెనక నుంచి ఇంకో గొంతు లేచింది. చిన్న డాక్టరు ఆ మాట విన్నాడు. విని, తల ఎత్తకుండా ఆమె నాడి చూస్తూనే ఉన్నాడు.

"గ్లూకోజు ఎక్కియ్యుండ్రి, గ్లూకోజు" అని నలుగురూ అరిచారు. మన దగ్గర జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా, మొగుడితో కొట్లాడి పడుకున్నా గ్లూకోజే మందు. డ్రైవరు అప్పటికే డబ్బాలోంచి సీసా తీసి నా చేతిలో కుక్కాడు.

అప్పుడే పెద్ద డాక్టరు ఆమె ముందు కూర్చుని తన వేలు అటూ ఇటూ కదిలిస్తూ చూడమన్నాడు. ఆమె కళ్లు వేలు వెంట పోలేదు. ఉన్నచోటనే సన్నగా అదురుతున్నాయి. నేను ఎంత మంది కనపడుతున్నానని అడిగాడు. ఇద్దరు సార్, అంది ఆమె.

"సిస్టరమ్మా, గ్లూకోజు ముట్టకు. ముందు బి-వన్" అన్నాడు.

చిన్న డాక్టరు సీసాను నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. "అవునండీ. అది ఒంట్లో అయిపోయిందండీ. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతింటుందండీ" అన్నాడు.

ఆ ఇద్దరూ ఒకే మాట అనడం నేను చూడటం అదే మొదలు. వాంతులు, ఒట్టి అన్నం గంజి, గోళీలు లేకపోవడం, మూడూ కలిసి ఆమె ఒంట్లో ఆ ఒక్క విటమిన్‌ను ఊడ్చేశాయి. ఆలస్యమైతే నడక, చూపు, జ్ఞాపకం ఏదైనా పోవచ్చు, పోయింది తిరిగి రాకపోవచ్చు. అంటే బస్సు మాట అటుంచి, మనిషే దక్కదు.

మా టెంటులో బి-వన్ సూదిమందు లేదు. దవాఖానకు ఫోను చేస్తే అక్కడా నిండుకుందన్నారు. మందుల షాపులన్నీ మూసి ఉన్నాయి, ఎందుకంటే షాపులవాళ్లంతా ఇక్కడే ఏదో పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నారు. ఎవరు ఎక్కడున్నారో ఆ పొగలో ఎట్లా వెతకాలి? చిన్న డాక్టరు లేచి వేదిక వైపు పరుగెత్తాడు. పాట పాడుతున్నవాళ్ల దగ్గర మైకు అడిగి తీసుకున్నాడు.

ఆ రోజుల్లో, ఆ వేదిక మీద, ఆ యాస. మా మాటను సినిమాల్లో వెక్కిరించి వెక్కిరించి మావాళ్ల కడుపులు మండి ఉన్నాయి. ఆయన గొంతు మైకులో వినపడగానే జనంలో గుసగుస లేచింది.

"అన్నలూ, నన్ను తర్వాత తిట్టండి. మన కండక్టరమ్మ టెంటులో పడి ఉందండీ. బి-వన్ సూదిమందు కావాలి. మెడికల్ షాపుల వాళ్లు ఎక్కడున్నా లేవండి" అన్నాడు.

గుసగుస ఆగిపోయింది. నినాదాలు ఆగిపోయాయి. అంత పెద్ద రోడ్డు మీద పొయ్యిల్లో కట్టెలు చిటపటమనడం ఒక్కటే వినిపించింది. తర్వాత వకీళ్ల పొయ్యి దగ్గర ఒకాయన లేచాడు, బతుకమ్మల దగ్గర ఇంకొకాయన. ఇద్దరూ షాపులకు పరుగు తీశారు. ఒకాయన షాపులో దొరికింది. కానీ ఆయన షాపు రోడ్డుకు ఆ చివర, మేం ఈ చివర, మధ్యలో పొయ్యిలు, గుండిగలు, విస్తళ్లు, మనుషులు. ఆయన తోసుకుంటూ రాలేదు. సూదిమందు డబ్బాను ముందున్న మనిషి చేతికిచ్చి, టెంటు దాకా అందించండి అన్నాడు. అది పిండి చేతులు, మసి చేతులు, గాజుల చేతులు మారుతూ మా దాకా వచ్చింది. డబ్బా నా చేతికి వచ్చేసరికి దానికి పసుపు అంటి ఉంది. చిన్న డాక్టరు మందు కలిపాడు, పెద్ద డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు, నేను ఎక్కించాను.

దవాఖానకు చేర్చాక మళ్లీ ఇచ్చాం. పొద్దుగూకేలోపే కళ్ల అదురు తగ్గింది. నేను బీపీ చూస్తుంటే ఆమె నన్ను తేరిపార చూసింది.

"అక్కా, ఇప్పుడు నువ్వు ఒక్కదానివే ఉన్నవ్" అంది.

నేను వరండాలోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనే.

అవ్వ మంచం కింద కూర్చుని ఉంది. గిన్నె మూత తీయలేదు. ఏం పెట్టావని పెద్ద డాక్టరు మెల్లగా అడిగితే అన్నీ చెప్పింది, ఒక్కటీ దాచలేదు. దాచడానికి అందులో తప్పుందని ఆమెకు తెలిస్తే కదా. పప్పు పెట్టి ఉంటే కోడలు బాగుండేదని తెలిశాక మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. అక్కడ ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఇంకో భయం పట్టుకుంది. ఈ ముసలమ్మ ఇప్పుడు భయపడి గంటె వదిలేస్తే ఆ ఇంట్లో వండేదెవరు, అడుగడుక్కూ చూసుకునేదెవరు?

నేను కింద కూర్చుని, అప్పుడే పాలు మరిచే పసిబిడ్డకు ఏం పెడతావు అవ్వా అని అడిగాను. ఉగ్గు, అంది. ఎంత పెడతావంటే, ఉగ్గుగిన్నెడు, అదీ ఆగి ఆగి, అంది. నీ కోడలి కడుపు ఇప్పుడు అంతే ఉందని చెప్పాను. ఇది గాయం పథ్యం కాదు, బిడ్డ పథ్యం. అవ్వ తన గిన్నె వైపు చూసుకుంది. మరి చీము, అని అడిగింది. చిన్న డాక్టరు కోడలి అనుమతి తీసుకుని పొట్ట మీద మానిపోయిన చిన్న చిన్న గాట్లు చూపించాడు. అవ్వ వాటిని వేలితో తడిమింది. ఎన్నో పురుళ్లు చూసిన వేళ్లు కదా, గాయం మానిందో లేదో వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంతేనా, అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

మర్నాడు పొద్దున పెసరపప్పు మెత్తగా జారుగా వండి తెచ్చింది. ఆ మరుసటి రోజు గుడ్డు. నేను వడ్డించబోతే నా చేతి మీద ఒక్కటి వేసి గిన్నె లాక్కుంది.

సమ్మె ముగిసే నాటికి కండక్టరమ్మ తిన్నగా నడుస్తోంది. తర్వాత మెల్లగా జుట్టూ మళ్లీ మొలిచింది. ఇన్సులిన్ ఆగిపోయింది, కొన్నాళ్లకు షుగరు గోళీలూ ఆగిపోయాయి. డిపోలో ఫిట్‌నెస్ చూసిన డాక్టరు పాత ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూశాడట. డ్యూటీ ఎక్కిన రోజు నేనూ కావాలని ఆ బస్సెక్కాను. కొడకండ్ల పోయే పొద్దుటి బస్సు, నిలబడ్డానికి చోటు లేదు. అవ్వ అందరికంటే ముందెక్కి చివరి సీట్లో కూర్చుంది. కండక్టరమ్మ ముందు తలుపు నుంచి మొదలుపెట్టింది. భుజం ఒకవైపు తిప్పి, సంచుల మీదుగా అడుగేసి, టికెట్లు కొడుతూ వచ్చింది. చివరి సీటు దాకా వచ్చి అవ్వ ముందు నిలబడింది.

"టికెట్ తీసుకోవాలె అత్తమ్మా."

అవ్వ కొంగుముడి విప్పి పైసలు ఇస్తుంటే బస్సంతా నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి చూసి హారన్ మోగించాడు. ఆ తర్వాత ఆమెకు మెమో రాలేదు.

కథ ఇక్కడ ఆపితే మీకు బాగుంటుంది. కానీ మీకు కావలసింది తొందర ఫలితం కాదు, నిలిచే ఫలితం. వంటా వార్పు రోజు ఎవరిని అడిగినా ఏమనేవారు? నడిచినవాడు గెలిచాడు, కోయించుకున్నది చచ్చిపోతోంది అనేవారు. అందుకే ఆరు నెలలు చూసి ఎవరికీ హారతి పట్టకండి.

బస్సులు కదిలాయి. డ్రైవరు మళ్లీ సీట్లో కూర్చున్నాడు. కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది, ర్యాలీలు ముగిశాయి. అతను మానకుండా నడవాలనే చూశాడు, నేను సాక్ష్యం. తెల్లవారుజాము డ్యూటీకి ముందు లేచి స్టేడియం చుట్టూ తిరిగేవాడు. అయినా ఒళ్లు మెల్లమెల్లగా తన పాత చోటికి వచ్చేసింది. పెద్ద డాక్టరు దాన్ని తన ఓటమిగా తీసుకుని తనలో తానే కుమిలిపోయేవాడు. చిన్న డాక్టరు ఆయన్ని ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. అది బద్ధకం కాదండీ, తగ్గిన ఒళ్లు ఆకలి పెంచి మరీ పోయిందాన్ని వెనక్కి లాక్కుంటుందండీ అని తనే సర్ది చెప్పేవాడు. నడక వృథా కాలేదు, నడిచినన్నాళ్లు షుగరు అదుపులో ఉంది. కానీ నిలవలేదు. నేను మహబూబాబాద్ మారేసరికి అతనూ అక్కడి డిపోకు వచ్చాడు. షుగరు కళ్లలోకి దిగింది. స్టీరింగు వదిలి గేటు దగ్గర కూర్చుని బండ్ల రాకపోకలు చూసే పని ఇచ్చారు. బజ్జీల బండి దాటి నడిచేటప్పుడు తల దించుకునేవాడు. ఆ తల దించుకోవడం నాకు భలే కోపం తెప్పించేది. అతను చేసిన తప్పేముంది?

కండక్టరమ్మ ఒళ్లూ కొంచెం వెనక్కి వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. కానీ కొంచెమే, అక్కడే ఆగింది. ఒకసారి రక్తం తగ్గి మంచమెక్కింది. విటమిన్ గోళీలు ఇప్పటికీ మింగుతుంది, ఏడాదికోసారి రక్త పరీక్షకు పోతుంది. ఆపరేషన్ ఒక్కరోజు పని, దాని కాపలా జీవితకాలం పని. ఆ కాపలా ఉన్నవాళ్లకు మాత్రం, ఒళ్లు మరీ మీరిపోయి షుగరు లొంగనివాళ్లకు మాత్రం, కత్తి ఇచ్చిన మేలు ఏళ్ల తరబడి నిలవడం నా కళ్లతో చూశాను. భూపాలపల్లిలో బొగ్గు గనుల వాళ్లు వచ్చి అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను, చెప్పి వెంటనే మీ ఇంట్లో వండేదెవరు, ఆ మనిషిని తీసుకురండి అన్నాను.

నా పదవీ విరమణ దగ్గరపడ్డాక డ్రైవరు ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ఒప్పించింది ఎవరనుకున్నారు? పెద్ద డాక్టరు. అప్పటికి ఆయన రిటైరై చేతికర్రతో నడుస్తున్నాడు. ఆ కండక్టరమ్మ దగ్గర ఓడిపోయినందుకు సంతోషపడ్డంత నా సర్వీసులో ఎప్పుడూ సంతోషపడలేదు, నువ్వూ నన్ను ఇంకోసారి ఓడించు అని డ్రైవరుతో చెప్పి, తనే వెంటబెట్టుకుని హైదరాబాదు తీసుకుపోయాడు. ఆపరేషన్ బాగా జరిగింది.

డ్రైవరు ఇంటికి వచ్చిన వారానికి చూసిపోదామని భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ వెళ్లాను. తలుపు తీసింది అతని భార్య కాదు, అవ్వ. నడుము వంగిపోయింది, చూపు మసకబారింది. వంటింట్లో డ్రైవరు భార్యను పక్కన నిలబెట్టుకుని పెసరపప్పు ఎంత మెత్తగా ఉడకాలో వేళ్లతో నలిపి చూపిస్తోంది. గదిలోంచి డ్రైవరు, అవ్వా ఇంకొక్క చెంచా పెట్టరాదే అని బతిమాలుతున్నాడు. అవ్వ వినిపించుకోవడం లేదు. పొద్దున బస్సులో కండక్టరమ్మ తెచ్చి దింపిపోయిందట, నెల రోజులు ఇక్కడే ఉంటుందట.

ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చినవ్ అవ్వా, ఫోనులో చెప్తే సరిపోకపోవునా అని అడిగాను. ఆమె గంటె కింద పెట్టలేదు, నా వైపు తిరగనూ లేదు.

"ఒక్కదాన్ని చంపబోయిన, బిడ్డా. ఒక్కన్ని బతికించి పోత."